గీతల డ్రమ్ము

నరసాపురం ఆసుపత్రిలో చివరి గది నాది.
కిటికీకి నల్లగుడ్డ, గోడకి అక్షరాల చార్టు,
బల్లమీద అద్దాల పెట్టె.
మేనత్త చెయ్యి పట్టుకుని వచ్చింది వీరవేణి.
పదహారేళ్లు. లేసు అల్లే పిల్ల.
"మూడు వారాలైందండి, దీనికి అంతా చీకటే."

టార్చి వేశాను.
పాప నత్తలా ముడుచుకుంది.
వెనక పొర శుభ్రం, నరం శుభ్రం.

ఇక నా దొంగవిద్యలు.

"చూపుడువేళ్ల కొసలు రెండూ కలుపమ్మా."
గాలిలో ఒకదాన్నొకటి తప్పించుకున్నాయి,
పెళ్లిలో ఎదురుపడ్డ పాత వియ్యపురాళ్లలా.
వేళ్లు కలపడానికి కళ్లెందుకు?
పుట్టుగుడ్డి తాతారావు
చీకట్లో వల కుట్టుకుంటాడు మా పేటలో.

డ్రమ్ము తిప్పాను.
నలుపు తెలుపు నలుపు తెలుపు
సఖినేటిపల్లి పంటు మీంచి
ఒడ్డున కొబ్బరిచెట్లు లెక్కపెట్టే పిల్లల్లా
ఆమె కళ్లు గీత వెంట జారి
వెనక్కి ఎగిరి, మళ్లీ జారి
నోరు మాత్రం "ఏం లేదండి" అంటూనే ఉంది.

దొరికింది, అనుకున్నాను.
పదకొండేళ్లలో ఎంతమందిని పట్టలేదు!
పింఛను కోసం ఒక కన్ను పోయిందన్న
రొయ్యలచెరువు కాపలా మనిషికి
మంచి కన్ను ముందు మసక అద్దం జార్చి
"పోయిన" కంటితోనే ఆఖరి వరస చదివించాను.
"గట్టోరండీ మీరు" అని నవ్వేసి బీడీ తీశాడు.

వీరవేణి నవ్వలేదు.
దొరికిపోయినట్టు ఆమెకే తెలియదు.

మేనత్తని బయట కూర్చోమన్నాను.
"చీకటి ఎక్కడ మొదలైంది?"
ఎప్పుడు అని అడగబోయి నోరు జారాను.
"డెబ్బైరెండో పువ్వు కాడండి."
"మొత్తం ఎన్ని?"
"రెండొందల పదహారండి. బల్లగుడ్డ.
అదయ్యాక ఇంకోటి ఉందన్నారండి."

చెబుతుంటే ఒడిలో ఆమె చేతులు కదులుతున్నాయి.
సూది లేదు, దారం లేదు.
గొలుసు, గొలుసు, ముడి.
ఇందాక కలవలేని వేళ్లు
ముడిముడికీ కలుసుకుంటున్నాయి.

రిజిస్టరులో నాకున్నవి రెండే గళ్లు:
కనబడును. కనబడదు.
కలం మూత పెట్టేశాను.
సున్నా పవరు కళ్లజోడు తీసి
మెత్తటి గుడ్డతో చాలాసేపు తుడిచాను,
చాలా ఖరీదైనదాన్ని తుడిచినట్టు.
"దీంతో మెల్లగా వస్తుంది చూపు.
ఆరునెల్లు సూది ముట్టకూడదు. ముట్టిందా,
ఇక నావల్ల కాదు" అన్నాను మేనత్తతో,
గొంతు తడబడకుండా.

వెళ్తూ వెళ్తూ వీరవేణి
గుమ్మంలో ఆయా వదిలేసిన నీళ్ల బకెట్టుని
కొంచెం పక్కకి జరిగి దాటింది.

నేను చూడలేదు.