డేటా లేదు

రాత్రి పదకొండుకి మున్సిపాలిటీ మేడ మీద
నేనూ, కంప్యూటరూ, దోమల కాయిలూ.
తెర మీద భీమవరం
ఆరేసిన గళ్ళ లుంగీలా పరుచుకుని ఉంది.

ఎరుపంటే కరెంటు ఎక్కువ తాగే చోటు:
ఐసు ఫ్యాక్టరీలు, షాపింగ్ మాలు,
ఊరవతల చెరువుల్లో రొయ్యలకి
తెల్లార్లూ ఊపిరి చిలికే ఏరేటర్లు.
పసుపంటే ఎండ దండిగా కాసే డాబాలు,
సోలారు పలకలకి పనికొచ్చేవి.
కొబ్బరిచెట్టు నీడ పడితే మార్కు తెగుతుంది.
మా అమ్మ డాబాకి నూటికి నలభయ్యొకటి.
చెట్టు కొట్టెయ్యమని నేననలేదు,
సాఫ్ట్‌వేరే అంది.

యనమదుర్రు డ్రైను గట్టు పొడుగునా మాత్రం
బూడిదరంగు సన్నటి చార.
దాని మీద నొక్కితే రెండే మాటలు:
డేటా లేదు.

పొద్దున్నే ట్యాబు పట్టుకుని వెళ్ళాను.
నూట పన్నెండు గుడిసెలు.
డోర్ నంబర్లు లేవు, మీటర్లు లేవు.
ఎండుచేపలు తిరగేస్తూ కొల్లాటి వరాలు
"మళ్ళీ పీకేత్తారేంటండి?" అంది.
కొలవడానికే వచ్చానన్నాను.
"కొలిసినోళ్ళే గదండీ పీకేది."

చీకటి పడ్డాక ఏం చేస్తారన్నాను.
"ఏం సేత్తామండి, తొంగుంటాం."
సెల్లు మాత్రం కిళ్ళీకొట్టులో పెడుతుందట,
ఒకసారి చార్జింగుకి ఐదు రూపాయలు.
అక్కడే నిలబడి లెక్క కట్టాను,
యూనిట్టు మూడొందల పైమాటే.
ఊళ్ళో ఇంత ఖరీదు కరెంటు
ఐసు ఫ్యాక్టరీ ఓనరు కూడా కొనడం లేదు.

సాయంత్రం మీటింగులో గట్టుని పటంలో కలిపాను.
చివరి చుక్క మొదటి చుక్కని తాకగానే
ఊరి తలసరి కార్బను
ఒక గీత కిందికి జారింది.
కమిషనర్ గారి మొహం విచ్చుకుంది.
"చూశారా, రూపాయి ఖర్చు లేకుండా తగ్గించేశాం!"
బల్ల చుట్టూ చప్పట్లు.
ఏసీ పద్దెనిమిదిలో ఉంది.
ఆ జారిన గీత వరాలు వాళ్ళ చీకటండీ
అనబోయి
టీ తాగేశాను.

మళ్ళీ రాత్రి. కాయిలు సగం కాలింది.
పట్టికలో ఇన్నాళ్ళూ ఉన్న గళ్ళు
కప్పు, వాలు, నీడ, వాడకం.
పక్కన ఇంకోటి చేర్చాను: కావలసింది.
అంకెలా, అక్షరాలా? అనడిగింది మెషీను.
అక్షరాలే.
ఒక ఫ్యాను. ఒక లైటు. పీకకుండా ఉం
అక్కడికి గడి నిండిపోయింది.

పొడుగు పెంచాలంటే
పైవాళ్ళ పాస్‌వర్డు కావాలట.