రెండు పోగులు తక్కువ

పొద్దుగాల నాలుగున్నరకు డిపోల సంతకం.
టిమ్ము మిషను, తోలు సంచి, నూర్రూపాయల చిల్లర,
మెడల ఈల.
అయిజ పల్లెవెలుగు.
యాభై సీట్లల్ల తొంభై మంది,
కాళ్ల నడుమ కోళ్ల గంప, యూరియా బస్తా,
ఎవరి బిడ్డనో నా భుజం మీదనే నిద్రపోతది.
"జరగండి, లోపలికి జరగండి."
ఈ మాట దినాం ఎన్నిసార్లంటనో
లెక్కపెట్టిన ఒకనాడు.
మల్దకల్ దాటకముందే లెక్క తప్పింది.

రాత్రి పండుకున్నంక గూడ మంచం ఊగుతది.
నిద్రల నా చెయ్యి పైకి లేస్తదంట,
లేని కమ్మీని పట్టుకుంటదంట.
మా ఆయన చెప్పి నవ్విండు మొదాలు.
తర్వాత నవ్వుడు మానేసిండు.

పదకొండు రూపాయలు తక్కువొచ్చినందుకు
మెమో ఇచ్చిన దినం
ఇంటికి పోబుద్ధి కాలే.
ఖాకీ కోటు మీదనే
గద్వాల కోట ఎనక సందులల్ల నడుసుకుంట పోతుంటే
ఒక ఇంట్లకెల్లి చప్పుడు,
టక్కు... టక్కు...
ఎవర్నీ తరమని చప్పుడు.
తలుపుకాడ నిలబడ్డ.
"ఏం పిల్లా, మాకు గూడ టికెటు కొడ్తవా?"
నాడె ఆపకుండనే అన్నది జమ్ములక్క.

కొడుకు సీడు పత్తి కంపెనీకి పోయినంక
ఖాళీగ పడున్నది రెండో మగ్గం.
ఆమె ముందుగాల నేర్పింది నేసుడు గాదు,
కూసునుడు.
పదేండ్లు నిలబడ్డ కాళ్లు గుంటల దిగినయి.
మట్టి సల్లగ ఉండె.
ఎండకాలం చెర్ల దిగిన బర్రెను చూసిండ్రా ఎన్నడన్న,
కండ్లు సగం మూసి, చెవులు ఇడిసిపెట్టి?
అదీ నేను.

పడుగు పరుసుకొని ఉన్నది సాపుగ,
మనిషి లేని రోడ్డు లెక్క.
తొక్కితే తెరుసుకుంటది, నాడె దాటుతది,
పలక గుంజితే మూసుకుంటది.
ఎవరూ ఎక్కరు. ఎవరూ దిగరు.

చీర నడుమ నూలు, అంచుకు పట్టు,
రెండిటి పోగులు ఒకదాన్లొకటి ఇరికిచ్చి కలిపే కుట్టు పని
"నీకు ఇంకో జన్మకు వస్తది తియ్యి" అన్నది.
నాకు ఇచ్చింది తువ్వాల.
మూరెడు నేసేవరకు నెలదినాలు.
పోగు తెగితే గుండె దడదడ,
ఇది మెమో అలవాటు.
ఆమె వేళ్లు నాలికకు అద్దుకొని
రెండు కొసలు కలిపి నులిమి,
"అయింది. ఇగ రైట్ చెప్పు" అన్నది.

ఒకనాడు నోరు జారిన,
"అక్కా, ఈడ కూసుంటే పాణం ఎంత నిమ్మళమో."
పలక ఆగింది.
"నీకు గంట. నాకు యాభై రెండేండ్లు.
ఈ మోకాళ్లు ఈ గుంటలనే అరిగిపాయె.
చీరకు మజూరి ఎంతో ఎరుకనా మద్దిలేటీ?"
చెప్పింది ఎంతో.
నేను తల వంచుకొని కండె చుట్టిన.
చుట్టిందే చుట్టిన.

చానసేపటికి ఆమెనే,
"ఆత్మకూరు బండి జూరాల మీదికెల్లి పోతదంట గద.
కిటికీలకెల్లి నీళ్లు కనపడ్తయా?"

డ్యూటీ మార్పిచ్చుకున్న.
ఖాజా అన్నకు ముందే చెప్పిన, డ్యాము మీద మెల్లగ పోనియ్యమని.
నేసిన తువ్వాల,
ఒక పక్క వంకర, నడుమ రెండు పోగులు తక్కువ,
కిటికీ సీటు మీద ఏసి ఆపిన.
"ఎవరిదమ్మా ఇది?" అని కసురుకున్నరు.
"నాదే" అన్న.
పదేండ్లల్ల మొదటిసారి బస్సుల నాదే అన్న.

జీరో టికెటు కొట్టి చేతిల పెడితే
దాన్ని నాలుగు మడతలు పెట్టి
రైకెల దాసుకున్నది జమ్ములక్క.

గేట్లు ఎత్తిండ్రు ఆ దినం.
తెల్లగ, చప్పుడు చేసుకుంట, ఇడుపు లేకుండ నీళ్లు.
ఆమె ఏమన్లే.
తువ్వాల ఒళ్లె పెట్టుకొని
పోగులు తక్కువైన జాగను
బొటనవేలుతోటి రుద్దుకుంట చూస్తున్నది.
సీటు కింద కాళ్లు మాత్రం
ఒకటెనక ఒకటి తొక్కుతున్నయి.

ఎనకకెల్లి ఎవరో, "కండక్టరమ్మా, నా చిల్లర!"

ఆగుండ్రి జర.