వంత

ఐదేళ్లు వంత పాడాడు చిమూకా.
అరవై మూడు గొంతుల్లో
ఒకటి ఉత్తినే పెదవులు కదిపితే ఎవరికి తెలుస్తుంది?
నేను బెత్తంతో బోర్డు మీద అక్షరాన్ని తాకేదాన్ని,
తరగతంతా అరిచేది,
రేకుల కప్పు అదిరేది.
ఆ అదురునే చదువనుకున్నాను.

మోంజే ఊరి చివర, అక్టోబరు ఎండ.
రెండింటికి బడి ఖాళీ అయ్యాక
ఏడుగురిని చాప మీద కూర్చోబెట్టాను.
వయసు చూడలేదు, తరగతి చూడలేదు.
మూడో తరగతి లుయాండో పక్కన
ఆరో తరగతి చిమూకా,
మోకాళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలీక.

పుస్తకం తెరిచి గడగడా చదివేశాడు.
తప్పు లేదు, తడబాటు లేదు.
లుయాండోయే ముందు చూసింది:
"టీచర్, అన్న వేరే పేజీలో ఉన్నాడు."

వేలు చేపల బొమ్మ మీద,
నాలుక వానాకాలం పాఠంలో.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
సీసా మూతలు లెక్కపెట్టుకుంటున్న పిల్లాడు కూడా
చేయి ఆపేశాడు.

పుస్తకం మూసి అడిగాను, "మీ మందలో ఎన్ని?"
"పధ్నాలుగు. అందులో ఒకటి చూడిది."
పేర్లు చెప్పాడు, కొమ్ముల వంపులు చెప్పాడు,
ఏది ఏ గుంటలో నీళ్లు ముట్టదో చెప్పాడు.
చెబుతూ చెబుతూ మోకాళ్ల సంగతే మరిచిపోయాడు.

దుమ్ములో ఆరు అక్షరాలు గీశాను.
ఏం గీశానో చెప్పలేదు.
వాటి మధ్యన పైకి వేలాడే చిన్న గీతను
ఈగనుకుని తోలబోయాడు.
"అదీ మాటలో భాగమే," అన్నాను.
"ఙో..." అన్నాడు.
"ఙోం..."
అందించబోయిన మాటను నేనే మింగేశాను.
ఇరవై ఏళ్ల ఉద్యోగంలో
అంత కష్టమైన పని చేయలేదు.

"ఙోంబె!"
ఆవు.
అనేసి చటుక్కున గుమ్మం వైపు తిరిగాడు,
నిజంగా వచ్చి నిలబడిందేమోనని.

తర్వాత మూడు రోజులు రాలేదు.
పొద్దుట తరగతిలో బెత్తం ఎత్తబోయి
ఒక్కో పెదవినీ చూస్తూ ఉండిపోయాను.
ఎన్ని ఉత్తివో. లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను,
చాప మీద అంత చోటు లేదు.

నాలుగో రోజు కాళ్లకు పేడతో వచ్చాడు.
చూడిది ఈనిందట. పెయ్యట.
పేరు ఇంకా పెట్టలేదట,
తనకొచ్చిన అక్షరాలతోనే పెడతాడట.

"ఎన్నొచ్చు?"

వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నాడు.
"ఆరు," అన్నాడు.
కాసేపాగి, "ఈగతో ఏడు."