సివరి కుళాయి కాడ

మాఘంలో కట్టినాను ఆ ముక్క.
మురుక్కాలవ కింద జాయింటు కారతంటే
కొత్తదానికి పంచాయతీలో డబ్బుల్లేవన్నారు.
నా పాత సైకిల్ ట్యూబు కోసి
మూడు సుట్లు సుట్టి, తీగతో బిగించి
ఆగిపోనాది కదా, సాలు అనుకున్నాను.
మోచేతుల దాకా మురుగు.
సేతుల మీద నీళ్లు పోసింది గవరమ్మప్ప,
ముంతడు సోడంబలి ఇచ్చి
ఉల్లిపాయ కొరుక్కోమంది.

తొలి వానల్లో మొదలైనాది.
ముందు ఇద్దరు గుంటలు.
తెల్లారేసరికి తొమ్మండుగురు.
డోకులు, నీళ్లలాంటి ఇరేచనాలు,
సేతి మీద తోలు పట్టి లాగితే
లేచిన మడత లేచినట్టే ఉండిపోతంది.
బడి వరండాలో మంచాలేసి
కిటికీ ఊసలకి సెలైను సీసాలు ఏలాడదీసినారు.
అమ్మోరికి మొక్కు తప్పినామన్నారు పెద్దలు.
పసుపునీళ్లు మోసి పొలిమేరంతా పోసినాం.
నానూ మోసినాను ఒక బిందె.
ఆ బిందెలో నీళ్లు ఏ కుళాయివో
నానూ అడగనేదు,
అమ్మోరూ అడగనేదు.

చీపురుపల్లి నించి నర్సమ్మ వచ్చింది, కోరాడ నీలవేణి.
ఇంటింటికీ తిరిగి
మీ సబ్బు ఎక్కడుందమ్మా, చూపించండి అనడిగింది.
మూడిళ్లలో సూపించినారు.
లెక్కల పుస్తకంలో కాగితం సించి
పెన్సిలుతో ఊరు గీసింది,
జబ్బు పడ్డ ఇంటికల్లా ఒక సుక్క.
సుక్కలన్నీ కిందివీధిలోనే, కాలవ దాటినాకే.
పైవీధిలో ఒక్కటే,
అప్పలనరసమ్మ గుంట. అది రోజూ ఆడుకొని
కిందివీధిలో మేనత్తింట నీళ్లు తాగతంది.
కిందివీధిలో సుక్క పడని ఇల్లూ ఒక్కటే,
టీ కొట్టు పైడమ్మది.
తాగే నీళ్లు కూడా కాసుకుంటాది,
కర్రలు దండగని
ఊరంతా నవ్వేవోళ్లం.

ఆ కాగితం సూసిన రాత్రి నిద్దర్నేదు నాకు.
ముగ్గు సుక్కలు అవి.
కలిపితే, నాను పాతిన గొట్టం.

అయినా నీళ్లు బైటికి కదా కారాల,
మురుగు లోనికెలా ఎల్లిందని అడిగినాను.
“మోటారు ఆడినంతసేపూ గొట్టం ఊదుతుందన్నా,
ఆపేశాక పీల్చుకుంటుంది” అంది.
రోజుకి ఒక్క గంట వదులుతాను నాను.
మిగతా ఇరవై మూడు గంటలూ
ఊరు నిద్రలో, వంటలో, పొలంలో ఉన్నప్పుడు
నా గొట్టం మురుగు పీలస్తానే ఉంది.

తవ్వినాం. నాని సీలిపోయింది ట్యూబు,
తీగ మాత్తరం బిగువుగానే ఉంది.
నాను కట్టిందే అని పదిమందిలో సెప్పినాను.
ఎవులూ తిట్టనేదు.
తిడితే బాగుండు.

గవరమ్మప్ప రెండు రోజులు దాచింది.
నాకేటీ నేదు,
ఆ పాకెట్ల నీళ్లు పిల్లలకి పట్టండి అంది.
దాహం అని అడిగితే సిన్నతనమనుకుందో ఏటో.
ఇజినారం ఆసుపత్రికని ఆటో ఎక్కించినాం.
ఆటో గరివిడి దాటనేదు.

ఇప్పుడు ఇనప గొట్టం, కాలవ మీంచి ఎల్తంది.
పొద్దున్నే ట్యాంకులో బ్లీచింగు కలిపి,
గంట సేపు ఆగి,
సివరి కుళాయి కాడికి ఎల్తాను.
అది గవరమ్మప్ప గుమ్మం ముందరిదే.
సిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి
మందు సుక్కలేస్తాను.
నీళ్లు తేటగున్నాయంటే నాను నమ్మను,
పసుపు రావాల.
రానినాడు కుళాయి కట్టేసి, ఈది పొడుగూ
కాసుకు తాగండర్రా అని కేకేసుకుంటా పోతాను.
పిచ్చి పట్టిందేటి ఈడికి అంటారు కొందరు.
కొందరు పొయ్యి మీద గిన్నె పెడతారు.

గవరమ్మప్ప మనవడు గాజుగొట్టాన్ని
ఎండకి ఎత్తి పట్టుకుంటాడు, ఒక కన్ను మూసి.
“వచ్చిందేటి మావా?”

ఆగరా.
ఇంకొంచెం సూడు.