చిలుము

బెలేంలో మూడింటి వాన మొదలైంది.
రేకుల కింద జులేయిడి
క్యాట్రిడ్జి మరలు విప్పుతోంది.
దీన్ని ఇక్కడ టేపంటారు,
లోపల టేపు ముక్కైనా ఉండదు.

తెచ్చినవాడు బస్సు డ్రైవరు ఒనోఫ్రి.
"మొరాయిస్తే ఊదేవాళ్ళం.
నేనేంటి, మా వీధి వీధంతా.
ఊదితే బతికేది."

ఆమె నవ్వలేదు.
దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి
రాగి పళ్ళు తోమింది.
పచ్చగా వచ్చింది చిలుము.
"ఇదిగో, మీ ఊపిరే.
తడి కదా,
ముప్ఫై ఏళ్ళుగా కొరుక్కు తింటోంది."

అతను పుల్లని బల్బుకి ఎదురుగా పట్టుకున్నాడు.
ఇందులో నీల్సిన్యోది ఎంత?
అసాయి తాగిన ఊదా మూతితో
ఊదే జాసీరాది ఎంత?
తన వంతు రాకుండానే లాక్కుని ఊదే
ఆ పన్ను ఊడినవాడు,
పేరేంటబ్బా...

రెండో పుల్ల. మూడోది.
నాలుగోది తెల్లగానే వచ్చింది.
పెట్టెలో గుచ్చి మీట నొక్కితే
తెర మీద నీలం ఆకాశం,
కదలని ఒక్క మబ్బు,
ఎవరూ ఊదనక్కర్లేదు.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
వానలోనే వెళ్ళిపోయాడు,
గొడుగు మరిచి.

బల్ల తుడుస్తూ చూసింది జులేయిడి.
మూడు పుల్లలే ఉన్నాయి.