మళ్ళి

ప్రెస్సు మూసేసిన నాలుగో నెల
తెల్లచొక్కా కాలర్ చిరిగింది, మెడ ఒరుసుకునే చోట.
కొరుక్కుపేట రైల్వే గేటు పడి ఉంది.
గేటుకివతల చెంగల్రాయన్న
కుట్టుమిషను ముందు, కళ్ళద్దాలు నుదుటికెక్కించి.

"కొత్తది కొనుక్కోరాదా సార్?"
"సోమవారం ఒకచోటికి రమ్మన్నారు.
యాభైయారేళ్ళవాడు కొత్త చొక్కాలో వెళితే
ఎంత అవసరమో తెలిసిపోతుంది."
నవ్వి, బ్లేడుతో కుట్టు విప్పసాగాడు.

ముప్పయ్యేళ్ళు అచ్చుతప్పులు ఏరినవాణ్ణి.
ఊరికే కూర్చోమంటే మాటల కుట్లు విప్పుతాను.
మళ్ళీ.
రోజుకి వందసార్లు నోట్లో దొర్లేదే.
చివరి దీర్ఘం తీసేస్తే, మళ్ళి.
అంటే మరలి. ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరిగి.
నాగలి చాలు చివర మళ్ళుతుంది.
పొద్దు మళ్ళుతుంది.
వయసు మళ్ళిందన్నప్పుడు మాత్రం
ఎందుకో అందరం గొంతు తగ్గిస్తాం.
ఎంత విప్పినా ఆ మాటలో
కొత్త అన్నది ఒక్క పోగైనా దొరకలేదు.

"ఇది మూడురోజులు వరదనీళ్ళలో ఉంది సార్,"
మిషను మీద అరచెయ్యి వేసి అన్నాడు చెంగల్రాయన్న,
"ఆ తర్వాత యేడాదిన్నర సేటు కొట్లో."
సూదిలో దారం ఎక్కిస్తూ
తెలుగులోంచి అరవంలోకి జారిపోయాడు:
"పోన మాసందా మీట్టేన్."
పోయిన నెలే విడిపించుకున్నాడట.
తాకట్టు కొట్ల బోర్డుల మీద రోజూ చదివే మాటే, మీట్పు.
మనం మళ్ళీ అనే చోట
వీళ్ళు మీండుం అంటారు.
ఒకటే వేరు.
పుట్టిందగ్గర్నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాను,
వాళ్ళ మళ్ళీలో
మడత పెట్టిన తాకట్టు చీటీ ఉందని
ఇవాళ, ఈ స్టూలు మీద కూర్చుని విన్నాను.
వడ్డీ ఎంతయిందని అడగలేదు.

గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేచింది.
స్కూటర్లన్నీ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.
చొక్కా దులిపి చేతికిచ్చాడు.
ఇన్నేళ్ళూ లోపలికి తిరిగి ఉన్న పక్క
ఇప్పుడు పైన.
ఎండ ఎరగని తెలుపు.
దానిపక్కన మిగతా చొక్కా అంతా
పాత పుస్తకం కాగితంలా ఉంది.

"తెలిసిపోతుందా?"
"దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది సార్. నలభై ఇవ్వండి."

సోమవారం
కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చోవాలి.