పన్నెండణాలు

రాత్రి డ్యూటీ. పర్లాకిమిడి ఆస్పత్రిలో
మందుల ట్రాలీ తోసుకుంటూ, ఒక చెవిలో తీగ పెట్టుకుని
కొట్టాయం లిస్సీ టీచర్ పాఠం వింటాను:
త్రాబింగ్. స్టాబింగ్. డల్ ఏక్.
ఏది ఎక్కడ వాడాలో,
ఏ మాట దగ్గర గొంతు దించాలో.

మాటలకి మాకు కొదవా?
సలుపు, పోటు, తీపు, పీకుడు, జివ్వుమనడం.
నాలుగో మంచం ఒడియా ఆవిడకి పేట కాటుచి,
ఎలా కోస్తోందో అరచెయ్యి అడ్డంగా గీసి చూపిస్తుంది.
కొండ దిగి వచ్చిన సవర పిల్ల
ఏమీ అనదు. దుప్పటి అంచు నములుతుంది.
దానికి టీచర్ దగ్గర మాట లేదు.

"ఒకటి నించి పది దాకా, నొప్పి ఎంత తాతా?"
ఐర్లాండులో ఇలాగే అడగాలిట.
కొమ్ముతో కొంగలు చెక్కే కూర్మయ్య తాత
తుంటి విరిగి పదకొండు రోజులు.
ఫ్యాను వైపు చూస్తూ, బేరగాడికి ధర చెప్పినట్టు
కాసేపు లెక్క వేసుకున్నాడు.
"రూపాయికి పన్నెండణాలుంటాదమ్మా."

నవ్వొచ్చింది. పళ్ళు బిగించి ఉన్నాయని
అప్పుడు చూశాను.
పదహారులో పన్నెండంటే పదిలో ఏడున్నర.
చార్టులో అరకి గడి లేదు. ఏడు వేశాను.
ఏడుకి రాసి ఉన్న ఇంజక్షనే ఇచ్చాను.

తెల్లారి, గుణుపురం నించొచ్చే విశాఖ బండిలో
తలుపు దగ్గర నిలబడి పరీక్షకి వెళ్తూ
ఆ మాట ఇంగ్లీషులో కట్టి చూస్తున్నాను.
ద పేషెంట్ రిపోర్ట్స్... అక్కడికొచ్చి ఆగిపోతోంది.
తిలారు స్టేషను దాటిపోయింది.

ఎనిమిది వెయ్యాల్సింది.